బండి ఆగే జాగ

మొన్న మంచిర్యాల స్టేషన్ల బండి కోసం కూసున్న. దవఖాన పని మీద పోయిన, వాపసు ఇంటికి రావాలె. బండి ఎప్పటి లెక్కనే లేటు. ప్లాట్‌ఫారం కొసకు ఇద్దరు పడుచు పిలగాండ్లు మెడల కెమెరాలు ఏస్కొని నిలవడి కొట్లాడుకుంటున్నరు. రైళ్లను చూసుడు, వీడియోలు తీసుడు వాళ్ల శౌకట. ఒకడు ఈడనే నిలవడుదామంటడు, ఇంకొకడు మెట్ల వంతెన ఎక్కుదామంటడు. నా నోరు ఊకె ఉండేది కాదు.

"ఏం పిల్లలయ్యా, పొద్దు ఎదురుంగ కొడుతుంటె ఇంజను నల్లగ తప్ప ఏం కనవడ్తది? పొద్దును వీపు దిక్కు పెట్టుకోవాలె. వంతెన మీదికి పోతే డబ్బాల నెత్తి తప్ప ఏం రాదు. జర ముంగటికి పోతే లైను వంక తిరుగుతది, ఆడ నిలవడితె ఇంజను సుత కనవడ్తది, ఎనుక డబ్బాలు సుత కనవడ్తయి" అన్న. వాళ్లు నా మొఖం చూసిండ్రు. నెత్తి నెరిసింది, చేతుల మందుల సంచి ఉంది, గీమెకేం ఎరుక అనుకున్నట్టున్నరు.

నా ఎనుక బెంచీ మీద ఎవలో నవ్విండ్రు. "ఆమె చెప్పినట్టు చెయ్యుండ్రి. గీ లైన్ల ఆమెకు తెలిసినంత ఎవ్వలకు తెల్వది" అన్నడు ఆ మనిషి.

తిరిగి చూడనక్కర లేకుండె నాకు. గొంతు ముసలిదైంది గని నవ్వు అదే. ఆయనతోని మాట్లాడక నాకు ఒక జన్మ గడిచింది. ఎదురుపడితె తొవ్వ మార్చిన, పెండ్లిళ్లల్ల కనవడితె లేచి పక్క బంతిల కూసున్న. బతికున్నన్ని దినాలు వాని మొఖం చూడద్దని పట్టు పట్టినదాన్ని. ఎందుకు పట్టిననో అది ముందు చెప్పాలె.

మాది మందమర్రి దిక్కు బాయి కాలనీ. బాయంటే నీళ్ల బాయి కాదు, బొగ్గు బాయి. బాపు బాయిల దిగుతుండె. అవ్వ మిషనోళ్ల బడిల ఆయాగ పనిచేస్తుండె. మా తాత కాలంలనే మావోళ్లు గుడిల కలిసిండ్రు. గుడంటె మాకు చర్చే, ఆదివారం ఆరాధనకు పోకుంటె ఇంట్ల బువ్వ పుట్టది. తెల్లారితె ప్రతి ఇంటి ముంగట బొగ్గు పొయ్యి రాజేస్తుండ్రి. ఆ పొగల కండ్లు నలుపుకుంట లేచుడు, పండ్లు తోముకుంట ఉమ్మితె అది సుత నల్లగనే ఉండుడు. ఇప్పుడు ఎవలన్న గ్యాసు పొయ్యి మీద రొట్టె కాలిస్తె నాకు ఏదో తక్కువైనట్టు ఉంటది. ఆ పొగ వాసన లేని రొట్టె రొట్టె గాదు.

వాడు మా ఎనుక లైను క్వార్టర్ల ఉంటుండె. పేరు చెప్పను. నేతోల్ల పిలగాడు. వాళ్ల తాత మగ్గం నేసిండట, వాళ్ల బాపు ఆ కూలి సరిపోక మగ్గం ఇడిసిపెట్టి బాయిల దిగిండు. నాకంటె జర పెద్దోడు, ఒక్కటే బడి. కాలనీల మిగిలిన పోరలు చిర్రగోనె ఆడుతుంటె, ఆడిపిల్లలు అచ్చనగాయలు ఆడుతుంటె, మా ఇద్దరికి రైలు పిచ్చి. ఎందుకు పట్టిందో తెల్వది. బాపు నవ్వుతుండె, "బొగ్గు తవ్వుడు మా పని, కాలవెట్టుడు రైలోళ్ల పని. ఊకె చూసుడు నీ పనానే?" అంటుండె. అవునంటుంటి నేను.

ఆ ఎండకాలం బడికి సెలవులిచ్చిండ్రు. రైలు చూడాలంటె మంచి జాగ కావాలె అని తెలిసింది మాకు గప్పుడే. అంతకుముందు ఎక్కడ కనవడితె అక్కడ చూసేటోళ్లం. ఇగ ఒక పక్కా జాగ దొరకవట్టాలె అనుకున్నం.

మొదలు స్టేషన్ల చూసినం. స్టేషన్ల రైలు చూసుడంటె పెండ్లిల మంది నడుమ నిలవడి పెండ్లిపిల్లను చూసినట్టే, నెత్తులు తప్ప ఏం కనవడది. పైంగ టికెట్ లేంది లోపలికెందుకు వచ్చిండ్రని కూలాయన ఉరికిచ్చిండు. తర్వాత గేటు కాడ చూసినం. ఆడ బండి మంచిగనే కనవడ్తది, గని గేటు పడ్డదంటె కాలనీల సగం మంది సైకిళ్లు పట్టుకొని ఆడనే ఉంటరు. "ఏందే, నీకు ఈడేం పని" అని ఒకామె, "మీ అవ్వకు చెప్పన్నా" అని ఇంకొకామె. రైలు చూసుడు ఇడిసిపెట్టి మమ్ముల చూసుడే అయితుండె వాళ్లకు.

వాగు వంతెన కిందికి సుత పోయినం. నెత్తి మీదికెల్లి బండి పోతుంటె గుండె అదురుతది, అది మాకు మస్తు నచ్చింది. గని వంతెన కిందికి పొద్దున పొద్దున చెంబులు పట్టుకొని వచ్చెటోళ్లు ఎక్కువ. వాసనకు ముక్కు మూసుకుంటిమి, వాళ్లను చూడలేక కండ్లు మూసుకుంటిమి. ఇగ రైలును దేనితోని చూడాలె? బొగ్గు నింపే సైడింగు కాడికి ఒక్కసారే పోయినం. నేను ఆదివారం గౌను మీదనే పోయిన, తెల్ల గౌను. ఇంటికి వచ్చేవరకు గౌనేదో నేనేదో తెల్వకుండ అయింది. అవ్వ చీపురు తిరగేసింది.

ఇగ మాకిద్దరికి లొల్లి మొదలైంది. నేనేమో లైను వంక తిరగాలె, లేకుంటె బండి మొత్తం కనవడదంటి. వాడేమో బండి ఆగాలె, ఉరికే బండిని ఏం చూస్తమంటడు. గాలి ఎటు కొడ్తుందో చూడాలె, లేకుంటె పొగంత మన కండ్లల్లకే అంటడు. గుప్పెడు దుబ్బ తీసి మీదికి ఇసిరి చూస్తుండె, పెద్ద ఇంజనీరు తీరుగ. నేను నవ్వితె అలుగుతుండె. రెండు దినాలు మాట్లాడకుంట ఉండి, మూడో దినం నేనే మక్క గుడాలు పట్టుకపోయి కలుపుకుంటుంటి.

జాగ దొరికింది నాకే. ఊరి బయట దూరంగ ఒక సిగ్నలు ఉంటుండె. స్టేషన్ల బొగ్గు బండ్లు నిండి జాగ లేకుంటె, వచ్చే బండిని ఆ సిగ్నలు కాడనే ఆపుతుండ్రి. సరిగ్గ ఆడనే లైను వంక తిరుగుతది. పక్కపొంటి చిన్న గడ్డ, గడ్డ మీద ఒక పెద్ద బండ, బండకు నీడ ఇచ్చేటట్టు తునికి చెట్టు. వాడు దుబ్బ ఇసిరి చూసిండు, గాలి సుత మా ఎనుకకెల్లే వస్తుంది. "దొరికిందిరా" అని నేను బండ మీద ఎగిరిన. వాడు చెట్టెక్కి తునికి పండ్లు తెంపి నా ఒళ్లె ఏసిండు. అంత మంచి జాగ నా జన్మల మళ్ల దొరకలే.

ఆ ఎండకాలమంత ఆ బండ మీదనే గడిచింది. అవ్వ చేసిన సర్వప్ప ముక్కలు కాయితంల చుట్టుకపోతుంటి. చల్లారిన సర్వప్పల పల్లీలు పంటి కింద పడితె ఎంత మజానో. వాడు వాళ్లింట్లకెల్లి ఉల్లిగడ్డ తెస్తుండె. తునికి పండ్ల బంకకు వేళ్లు అతుక్కుంటుండె. పట్టాల మీద మొలలు పెట్టి, బండి పోయినంక చాకులైనయని ఏరుకుంటుంటిమి. చప్పుడు ఇనే బండి నిండుగ ఉందో ఖాళీదో చెప్తుంటి నేను. వాడు ఒప్పుకోడు, పందెం కాస్తడు, ఓడిపోతడు. ఓడిపోయినోడు చెట్టెక్కాలె, అది మా కాయిదా.

ఒకదినం బొగ్గింజను మా ముంగటనే ఆగింది. సిగ్నలు చెయ్యి ఎంతకు దిగదు. డ్రైవరు కిందికి దిగి ఇంజను నీడల కూసున్నడు. తెల్ల గడ్డం, నెత్తికి నల్ల గుడ్డ. ఫైర్మన్ పార మీద ఆలుగడ్డలు పెట్టి, నిప్పులు మండే ఇంజను పొయ్యి నోట్లకు పెట్టి కాల్చిండు. ఆ వాసన ఇప్పటికి నా ముక్కుల ఉంది. మేం గుటకలు మింగుకుంట చూస్తుంటిమి.

"ఏం బేటా, దినాం ఈడనే ఉంటరు. ఇల్లు లేదా మీకు?" అన్నడు డ్రైవరు.

"ఉంది చాచా. గని ఇంటి కాడికి రైలు రాదు" అన్న నేను.

ఆయన పడి పడి నవ్విండు. చెరొక ఆలుగడ్డ ఇచ్చిండు, ఉప్పు సుత ఇచ్చిండు. పొట్టు మీద బొగ్గు బూడిద ఉంది, పొట్టుతోనే తిన్నం. అప్పటిసంది మమ్ముల చూస్తె చెయ్యి ఊపకుంట పోకపోతుండె. ఆగినప్పుడల్ల ముచ్చట పెడుతుండె. ఆవిరి ఎట్ల పుడ్తదో, నీళ్లు తక్కువైతె ఏమైతదో, అన్ని చెప్తుండె. మావోడు నోరు తెరిచి ఇంటుండె.

సెలవులు కడమకు వస్తున్నప్పుడు ఒకదినం ఆయన, "బేటా, ఒచ్చే నెలసంది నన్ను ఇంకో లైనుకు ఏస్తున్నరు. గీ వారంల నా బండి ఈడ ఆగిందనుకో, మిమ్ముల ఇంజనుల ఎక్కిచ్చుకొని బెల్లంపల్లి దాంక తీస్కపోత. ఎవ్వలకు చెప్పకుండ్రి, నా నౌకరి పోతది" అన్నడు.

ఇంజనుల! ఆ మాట ఇన్నంక మా కాళ్లు భూమి మీద లేవు. ఇంటికి పోయే తొవ్వల మావోడు ఆగి, "ఎక్కితె ఇద్దరం ఎక్కాలె. లేకుంటె ఎవ్వలం ఎక్కద్దు. మా అవ్వ మీద ఒట్టు" అన్నడు. నన్ను సుత పెట్టుమన్నడు. మా గుడోళ్లల్ల ఒట్టు పెట్టుడు పాపం. నోట్లకెల్లి ఒట్టు అనే మాట వస్తె అవ్వ మూతి మీద కొడుతుండె. "నేను ఒట్టు పెట్టరాదు. గని మాట మాటే" అన్న. "ఆదివారం వస్తె?" అన్నడు. ఆదివారం పొద్దున గుడిల ఉంట గద నేను. "ఆదివారం వస్తె ఇడిసిపెడ్దాం" అన్నడు వాడే. నేను కాదు, వాడే అన్నడు.

ఎవ్వలకు చెప్పకుండ్రి అన్నడు గద డ్రైవరు చాచా. నేను ఒక్క అవ్వకే చెప్పిన. అవ్వంటె ఎవ్వలో కాదు గద. రాత్రి బువ్వ తిన్నంక నా జడలు ఇప్పుతుంటె, ఆగలేక చెప్పేసిన. ఇంజను, ఆలుగడ్డ, బెల్లంపల్లి, మావోడు పెట్టిన ఒట్టు, అంత చెప్పిన. కొడ్తదేమో అనుకున్న. కొట్టలే. "ఇంజను ఎక్కితె ఉడుకు తగలదా బిడ్డా?" అని అడిగింది. "ఏ గౌను ఏస్కుంటవు? నల్లది లేకపాయె" అన్నది. నాకు ఎంత ఖుషీ అయిందంటె, ఆమె మెడ పట్టుకొని ఊగిన.

ఆ వారమంత పొద్దుగాల్నే పోయి బండ మీద కూసుంటిమి. సోమారం బండి ఆగలే. చాచా చెయ్యి ఊపి పోయిండు. మంగళారం వేరే డ్రైవరు. మిగిలిన దినాలు చాచా వస్తడు, సిగ్నలు చెయ్యి దిగే ఉంటది, పోతడు. శనివారం సుత ఆగలే. మావోడు ఆ పొద్దు మాట్లాడలే. పండ్లు తెంపుమంటె తెంపలే. కడుపు నొస్తుందేమో అనుకున్న.

ఆదివారం ఆరాధనకు పోయినం. మా గుడి రైలు లైను పక్కపొంటే. మిషన్ దొరలు ఆ జాగ ఎందుకు చూసిండ్రో గని, గూడ్సు బండి పోతుంటె లోపల మాట ఇనవడది. అందుకే పాస్టరయ్య బండి చప్పుడు మొదలైతె వేలు బైబిలు మీద పెట్టి, కండ్లు మూసుకొని నిలవడుతుండె. కడమ డబ్బ పోయినంక, ఆపిన మాటకాన్నుంచే మళ్ల అందుకుంటుండె. ఆ సందుల పెద్దోళ్లు దగ్గుకుంటరు, ఆడోళ్లు కొంగులు సదురుకుంటరు, ముసలోళ్లు కునుకుతరు. నాకు వారంల అన్నిటికంటె ఇష్టమైన టైము గదే. ఆడోళ్ల దిక్కు చాపల మీద, కిటికీ పక్కన, అవ్వను ఆనుకొని కూసుంటుంటి.

ఆ పొద్దు సుత సీటీ ఇనవడ్డది. పాస్టరయ్య ఆగిండు. సిగ్నలు కాడ ఆగి అప్పుడే కదిలిన బండి, మెల్లగ వస్తుంది. కిటికీల ఇంజను వచ్చింది. ఇంజను కిటికీలకెల్లి వాడు మెడ బయటకు పెట్టి నిలవడ్డడు. నెత్తికి చాచా నల్ల గుడ్డ కట్టుకున్నడు. మొఖం మసి. గుడి దిక్కు ఒక్కసారి చూసిండు, నన్ను చూసిండు, మొఖం అటు తిప్పుకున్నడు.

నేను లేచిన. అవ్వ నా చెయ్యి పట్టి కూసోపెట్టింది. ఇగ ఆ బండి ఎంతకూ ఒడువది. ఖాళీ డబ్బాలు, ఒకదాని ఎనుక ఒకటి, ధడ ధడ. లోపల ఎవ్వలు మాట్లాడ్తలేరు, పాట లేదు, ప్రసంగం లేదు, చూసుడు తప్ప ఏం లేదు. అందరి ముంగట కూసొని, నోరు మూసుకొని, నన్ను ఇడిసి పోయే బండిని మొత్తం చూసిన. గార్డు డబ్బ పోయినంక పాస్టరయ్య కండ్లు తెరిచి, ఏదో ప్రేమ గురించే చెప్తుండె, ఆన్నే అందుకున్నడు.

ఇంటికి పోయి అవ్వ ఒళ్లె పడి ఏడ్చిన. కడుపుల పేగులు తెగేటట్టు ఏడ్చిన. అవ్వ నా వీపు నిమిరింది. "పోనియ్యి బిడ్డా. గసొంటోళ్లతోని మనకెందుకు. వాని బుద్ధి గంతే" అన్నది. నాకు ఇష్టమని మాపటికి బెల్లం అన్నం వండింది.

డ్రైవరు చాచా మళ్ల ఆ లైన్ల రాలే. వాడు మరునాడు మా గోడ కాడికి వచ్చి నిలవడ్డడు. చేతుల ఇంజనులకెల్లి తెచ్చిన ఒక నల్ల బొగ్గు పెళ్ల ఉంది, నా కోసం తెచ్చిండట. బొగ్గు కాలనీల ఉండేదానికి బొగ్గు పెళ్ల తెచ్చిండు. నేను అంట్లు తోమిన నీళ్లు గిన్నెతోని మొఖం మీద పోసిన. వాడు చెంపలకెల్లి నీళ్లు కారుతుంటె నిలవడి, జరంతసేపటికి పోయిండు. బడి తెరిచినంక నన్ను కరీంనగర్ మిషన్ హాస్టలుకు తోలిండ్రు. పోయేటప్పుడు రైలు ఆ బండ ముంగటికెల్లే పోయింది, నేను ఇంకో దిక్కు కిటికీకి మర్లి కూసున్న.

తర్వాత సదువైంది, టీచరు నౌకరైంది, పెండ్లైంది, పిల్లలైండ్రు. మనుషులను నమ్మాలంటె మాత్రం నాకు చేతగాలే. మా ఆయన ఏదన్న మాట ఇస్తె, "ఆదివారం తప్పుతవా?" అంటుంటి. ఆయనకు అర్థం కాకపోతుండె. ఎవలన్న దోస్తు అని దగ్గరికి వస్తె, వీళ్లు ఎప్పుడు ఇడిసిపోతరో అని చూసుకుంట కూసుంటుంటి. అదంత వాని మీదనే ఏసిన. జన్మంత వాని పేరు మీద తిట్టుకున్న.

ఇగ మొన్నటి స్టేషన్. పిలగాండ్లు నేను చెప్పిన జాగకు పోయిండ్రు. ఆయన లేచి వచ్చి నా బెంచీ కొసకు కూసున్నడు. నడుం వంగింది, కండ్లద్దాలు దారంతోని కట్టుకున్నడు. లేచి పోదామనుకున్న. మోకాళ్లు లేవనియ్యలే. ఇగ నోరే లేచింది.

"ఎందుకెక్కినవురా?" అన్న. బాగున్నవా అనలే, ఏమనలే. ఒక జన్మ తర్వాత మొదటి మాట అదే అన్న.

ఆయన నా దిక్కు మర్లిండు. "నీకు ఇంకా ఎరుక లేదా? మీ అవ్వ చెప్పలేదా?" అన్నడు.

"మా అవ్వ ఏం చెప్పాలె?"

"పోయేముందన్న చెప్తదనుకున్న. శనివారం పొద్దుగాల మీ అవ్వ మా ఇంటికి వచ్చింది. మా అవ్వ నీళ్లకు నల్ల కాడికి పోయినప్పుడు చూసి వచ్చింది. రేపు ఆదివారం, మీ ఆరాధన టైముకు నన్నొక్కన్ని పొమ్మన్నది. బండి ఆగితె ఎక్కుమన్నది. నీకు చెప్పద్దన్నది."

నాకు నెత్తికెక్కింది. "చచ్చినదాని మీద అబద్ధం చెప్తవా? సిగ్గు లేదా నీకు? మా అవ్వ ఎందుకంటదిరా గట్ల?"

"మనిద్దరి గురించి నల్ల కాడ ఆడోళ్లు ఏమేమో అనుకుంటున్నరట. పొదలల్ల కూసుంటున్నరు, పిల్ల పెద్దగైతుంది అని. నిన్ను హాస్టలుకు తోలాలె, గీ మాటలు మిషనోళ్ల చెవులల్ల పడితె సీటు ఇయ్యరు అన్నది. వద్దంటె నువ్వు ఇనవట, మొండిదానివట. 'నువ్వు దాన్ని ఇడిసి పోతె అదే నీ మొఖం చూడది, నాకు గదే కావాలె' అన్నది."

"అంటె నువ్వు ఒప్పుకున్నవా?"

"నాకు సుత ఎక్కాలని ఉండె. అది దాస్తలేను. గని మొదలు నేను ఒప్పుకోలే. నీకు ఒట్టు పెట్టిన గద మా అవ్వ మీద, అది చెప్పిన. గప్పుడు ఆమె నా గదువ పట్టుకొని, ఒక్కన్నే ఎక్కుతనని, ఎవ్వలకు చెప్పనని ఇంకో ఒట్టు పెట్టిచ్చుకున్నది, అదీ మా అవ్వ మీదనే. రెండు ఒట్లల్ల ఏదో ఒకటి తప్పాలె. పెద్దమనిషికి పెట్టింది ఉంచిన. ఆ వానకాలమంత మా అవ్వ దగ్గితె నా పానం పోతుండె."

ఒట్టు. మా అవ్వ ఒట్టు పెట్టిచ్చింది. ఆ మాట అంటేనే నా మూతి మీద కొట్టిన అవ్వ, గుడిల ముంగటి చాప మీద కూసునే అవ్వ, ఒక పసిపిలగానితోని కన్నతల్లి మీద ఒట్టు పెట్టిచ్చిందంటె ఎవలు నమ్ముతరు? నమ్మలే. "ఏ మాట అన్నది? ఉన్నదున్నట్టు చెప్పు. ఏమని అన్నది?" అన్న.

"'నా సల్లని తండ్రీ, గీ ఒక్క పని చెయ్యి' అన్నది" అన్నడు.

నా సల్లని తండ్రీ. కాలనీల ఇంకెవ్వలు గట్ల అనకపోతుండ్రి. బాపు తాగి వస్తె బువ్వ తినమని అవ్వ గట్లనే అంటుండె. హాస్టలుకు పోనని నేను ఏడిస్తె, నా సల్లని తల్లీ అని గట్లనే బతిమిలాడింది. ఆ పిలుపు ఇన్నోళ్లకు తప్ప రాదు. వాడు ఇన్నడు.

"నాకు చెప్పద్దారా? తర్వాతనన్న?" అన్న.

"నీళ్లు పోస్తివి గద" అన్నడు. నవ్విండు. "ఆమె ఉన్నన్ని దినాలు చెప్పద్దనుకున్న. తర్వాత నువ్వు కలవకపోతివి. ఇప్పుడు నువ్వు అడిగినవు."

నా బండి వచ్చింది. సంచి అందిచ్చిండు. పోయొస్త అన్న, మంచిగ పో అన్నడు. అంతే మాట్లాడుకున్నం. ఇంకెన్నో ఉండె మాట్లాడెతందుకు, ఏడికెల్లి మొదలువెట్టాల్నో ఇద్దరికి తెల్వలే.

ఇంటికి వచ్చినకాన్నుంచి నిద్ర లేదు. వాని మీద పెట్టుకున్న కోపం ఎటు పెట్టాల్నో అర్థమైతలేదు. అవ్వ మీద పెడదామంటె చేతులు వస్తలేవు, పెట్టకుంట ఉందామంటె కడుపు మండుతుంది. నా పరువు కోసమే చేసిందనుకో, నా సదువు కోసమే చేసిందనుకో. వద్దే అని నన్ను కొట్టరాదా? ఇంట్ల పెట్టి తాళం ఏయరాదా? ఒక్క దోస్తును నాతోనే తెంపిచ్చి, నేను తెంపుకున్నననుకుంట బతికేటట్టు చేసింది. నేను జడలు ఇప్పిచ్చుకుంట చెప్పుకున్న ముచ్చటనే పట్టుకపోయి వాడింది. నన్ను మోసం చేసింది వాడు కాదు, నా అవ్వ.

ఆమె మంచాన పడ్డప్పుడు కడమ నెలలంత నేనే చూసుకున్న. ఒకదినం పగటీలి ఉన్నట్టుండి, "గా నేతోల్ల పిలగాడు యాడున్నడో నీకు ఎరుకనా?" అని అడిగింది. "గా మోసగాని సంగతి నాకెందుకే అవ్వా" అన్న. ఆమె మీది దూలాల దిక్కు చూసింది. "బిడ్డా" అన్నది. "ఏందే" అన్న. ఏమన్న చెప్తదేమోనని నేను మంచం పట్టె మీద కూసున్న సుత. నా మొఖం చూసింది. "ఏం లేదు, జర నీళ్లియ్యి" అన్నది. చెంచతోని పోసిన. తాగి, మూతి తుడిపిచ్చుకొని, గోడ దిక్కు మర్లి పండుకున్నది.